భరతుడి లెక్క

పన్నెండో రోజు పొద్దున శాస్త్రులుగారు మా దొడ్డమ్మ పిండాన్ని దర్భతో మూడు ముక్కలు చేయించారు. ఒకటి ఆవిడ అత్తగారి పిండంలోను, ఒకటి ఆ అత్తగారి అత్తగారి పిండంలోను, మూడోది ఆ పై తరం ఆవిడ పిండంలోను కలిపించారు. సపిండీకరణం. అంతదాకా ప్రేతరూపంలో ఇటూ అటూ కాకుండా ఉన్న జీవుడు ఆ పూటతో పితృదేవతల్లో చేరతాడంటారు. దొడ్డమ్మ బతికుంటే ఆ కలపడానికి ఒప్పుకునేది కాదు. అత్తవారితో ఆవిడకి ముప్ఫయ్యేళ్ళుగా మాటల్లేవు.

పిల్లల్లేరు కనక కర్మ మా తమ్ముడు చేశాడు. భోక్తలు వెళ్ళి, మా భోజనాలు కూడా అయి, సావిట్లో అందరం చేరగిలబడ్డాక మా బావ, అంటే మేనమామ కొడుకు, గుడ్డసంచీలోంచి ఒక కవరు తీశాడు. నాలుగు తెల్లకాగితాలు. 2018లో దొడ్డమ్మ రాయించిన వీలునామా. దాన్ని అమలుచేసే ఎగ్జిక్యూటరుగా బావ పేరే రాయించింది. పైకి చదివాడు. మధ్యలో గొంతు వణికింది కూడా. అది నటన అని నేను ఈ రోజుకీ అనను. ఇల్లు బావకీ తమ్ముడికీ చెరిసగం. రెండు గాజులూ పడక్కుర్చీ నాకు. పోస్టాఫీసులో ఉన్న నాలుగున్నర లక్షలు వంటావిడ మనవరాలి చదువుకి. ఎకరం ఇరవై సెంట్ల కొబ్బరితోట, అందులోని పాకతో సహా, పంతొమ్మిదేళ్ళు వండిపెట్టిన ఆ వంటావిడకి.

అది 2021 కార్తీకం వెళ్ళిన రోజులు. ఇప్పటికి నాలుగు ఆబ్దికాలయ్యాయి. దొడ్డమ్మని తమ్ముడు పన్నెండు రోజుల్లో విడిపించాడు. తోటని బావ ఇంకా విడిపించలేదు.

బావ దొంగ కాడు. దొంగయితే నాకు ఇంత ఆలోచన ఉండేది కాదు, ఈ వ్యాసమూ ఉండేది కాదు. రెవెన్యూలో పనిచేసి రిటైరైన మనిషి, కాగితం విలువ తెలిసినవాడు. ఇంటి సంగతి ఆరు నెలల్లో తేల్చేశాడు. పంచాయతీలో ఇంటిపన్ను పుస్తకం తన పేరుకీ తమ్ముడి పేరుకీ మారింది. నా గాజులు ఒక కాగితంలో చుట్టి తెచ్చిచ్చాడు. తోట మాటెత్తితే మాత్రం, "చూద్దాంలేవే, తోట ఎక్కడికీ పోదు, నేనూ ఎక్కడికీ పోను" అంటాడు. వీలునామా జిరాక్సు అడిగితే మొదటి పేజీ, చివరి పేజీ ఇచ్చాడు. మధ్య రెండు పేజీలు మెషీన్లో సరిగ్గా పడలేదట. నలభై అయిదు రోజులకో, రెండు నెలలకో దింపు జరుగుతుంది, కాయ లారీకెక్కుతుంది, డబ్బు బావ చేతికి వస్తుంది. "కంచె వేయించాలి, ఎరువు వెయ్యాలి, ఖర్చులుండవూ?" అంటాడు. ఉంటాయి. ఎంతో చెప్పడు. నాకు రావలసిన పడక్కుర్చీ వాళ్ళ వరండాలో ఉంది. నేను వెళ్ళినప్పుడు అందులో కూర్చునే మాట్లాడతాడు. వీలునామాకి అర్థం చెప్పేటప్పుడు రాసినవాళ్ళ కుర్చీలో కూర్చుని, వాళ్ళ కళ్ళతో చదవాలని న్యాయశాస్త్రంలో ఒక సూత్రం ఉందని మా వకీలు చెప్పినప్పుడు నాకు నవ్వాగలేదు.

ఆ వకీలు దగ్గరే నాకు మరో సంగతి తెలిసింది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 337వ సెక్షను ప్రకారం, మనిషి పోయిన ఏడాది లోపల ఎవరి వాటా వాళ్ళకి అప్పగించి తీరాలని ఎగ్జిక్యూటరుని బలవంతపెట్టడానికి లేదు. అప్పులు తేల్చుకోవాలి, రావలసినవి రాబట్టుకోవాలి, అందుకని ఆ ఏడాది గడువు. నాకు వెంటనే మాసికాలు గుర్తొచ్చాయి. సపిండీకరణం కూడా అసలు ఏడాది చివర చెయ్యవలసింది. ఏడాది ఎవరు ఉంటారో ఎవరు పోతారో అని పన్నెండో రోజుకి జరుపుకున్నాం. పోయినవాళ్ళు ఏడాదిపాటు దారిలో ఉంటారని శాస్త్రం, వాళ్ళ ఆస్తి ఏడాదిపాటు దారిలో ఉంటుందని చట్టం. ఆ రెండూ మాట్లాడుకుని రాసినవి కావు. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి గోదావరి! అయినా మనిషి వదిలిపెట్టినది సర్దుకోవడానికి ఒక చుట్టు ఋతువులు పడుతుందని ఇద్దరికీ తోచింది.

ఏడాది దాటాక? చట్టానికి చేతులున్నాయి గానీ అవి మనం వెళ్ళి పట్టుకుంటేనే కదులుతాయి. ఎగ్జిక్యూటరు సమ్మతిస్తేనే వాటా పుచ్చుకునేవాళ్ళ హక్కు పూర్తవుతుంది, అది 332వ సెక్షను. బావ బలమంతా ఆ ఒక్క అంకెలో ఉంది. కోర్టులో ప్రొబేటు, అంటే వీలునామా నిజమైనదేనన్న ధ్రువీకరణ, తీసుకున్న ఎగ్జిక్యూటరయితే ఆరు నెలల్లో ఆస్తి జాబితా, ఏడాదిలో జమాఖర్చులు దాఖలు చెయ్యాలి. మా ప్రాంతంలో హిందువుల వీలునామాకి ప్రొబేటు తప్పనిసరి కాదు కనక బావ తీసుకోలేదు. తీసుకోలేదు కనక ఎవరికీ లెక్క దాఖలు చెయ్యలేదు. మాట వినని ఎగ్జిక్యూటరుని తొలగించే అధికారం హైకోర్టుకి ఉంది. వంటావిడ హైకోర్టుకి వెళ్ళాలన్నమాట.

తమ్ముడి గొడవ వేరు. వాడికి తోట వంటావిడకి పోవడమే ఇష్టం లేదు. "అప్పటికే దొడ్డమ్మ కంట్లో శుక్లాలు. ఏం రాశారో చదువుకునే సంతకం పెట్టిందా? ఆ వంటావిడే చెవిలో ఊది రాయించుకుంది. వీలునామా చెల్లదని దావా వేద్దాం" అన్నాడు. అనుమానం తప్పు కాదు. 1958లో సుప్రీంకోర్టు మైసూరు వైపు నుంచి వచ్చిన ఒక వీలునామా కేసులో ఈ సంగతే చెప్పింది. మిగతా దస్తావేజుల్లా కాదు, ఇది తనదో కాదో చెప్పడానికి రాసిన మనిషి రాలేదు. అందుచేత అనుమానాలుంటే వాటిని తీర్చే బరువు వీలునామా చూపించేవాళ్ళ మీదే ఉంటుందని. సాక్షి సంతకాలు పెట్టినవాళ్ళిద్దరిలో మందులషాపాయన 2020లో పోయాడు. మిగిలింది ఎనభై నాలుగేళ్ళ హెడ్మాస్టరుగారు. తమ్ముడూ నేనూ వెళ్ళి అడిగితే, "మీ దొడ్డమ్మ నాచేత రెండుసార్లు పైకి చదివించుకుని, ఒక చోట దీర్ఘం పోయిందని దిద్దించింది నాయనా" అన్నారు. దొడ్డమ్మ రిటైరైన టీచరు. ఆ దీర్ఘంతో నా అనుమానం తీరిపోయింది. తమ్ముడికి తీరలేదు.

వాడికి తీర్చింది వకీలు. వీలునామా పోతే ఏమవుతుందో తెలుసా అని అడిగాడు. పిల్లల్లేని వితంతువు స్వార్జితం, వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం పదిహేనో సెక్షను కింద భర్త వారసులకి పోతుంది. పుట్టింటివాళ్ళ వంతు చాలా వెనక. 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసొకటి చెప్పాడు: పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోతే అత్తవారు వెళ్ళగొట్టారు, పుట్టింటివాళ్ళు చదివించారు, ఉద్యోగం చేసుకుని సంపాదించుకుంది, వీలునామా రాయకుండా పోయింది. ఆ సంపాదనంతా వెళ్ళగొట్టిన అత్తవారి వైపుకే పోయింది. సానుభూతి వేరు, సెక్షను వేరు అన్నట్టు తీర్పు. తమ్ముడు ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. తోట కోసం వీలునామాని కొడితే ఇల్లు కూడా దొడ్డమ్మ మరుదుల పిల్లలకి పోతుంది మరి.

ఆ రాత్రి నాకు తట్టింది. శాస్త్రం దొడ్డమ్మ పిండాన్ని అత్తగారి పిండంలో కలిపింది. చట్టం ఆవిడ ఆస్తిని అత్తవారింట్లో కలుపుతానంది. తాను ఎక్కడికి చెందుతుందో ఆవిడ సొంతంగా చెప్పుకున్నది ఆ నాలుగు కాగితాల్లోనే.

వీలునామా అన్న మాటే చిత్రమైనది. ఇంగ్లీషు విల్లుకి పారశీక నామా తగిలించి మనం వీలు చేసుకున్నాం. మన పాతవాళ్ళు మరణశాసనం అనేవారు గానీ, ఇలా చచ్చాక ఆస్తిని నడిపించడం మన ధర్మశాస్త్రాలకి అలవాటైన పని కాదు. మితాక్షరలో తాతతండ్రుల ఆస్తి మీద కొడుక్కి పుట్టుకతోనే హక్కు వచ్చేస్తుంది. పోయేవాడు ఇవ్వడానికి అక్కడ ఏమీ ఉండదు. ఆ మితాక్షరని కేతన విజ్ఞానేశ్వరీయం అని తెలుగు పద్యాల్లో పెట్టాడు, పదమూడో శతాబ్దంలోనే. ఇవ్వాలనుకున్నవాడు బతికుండగానే నీళ్ళు వదిలి ఇచ్చేవాడు. యాజ్ఞవల్క్యుడు ఇల్లు వదిలి వెళ్ళేముందు ఇద్దరు భార్యల్నీ పిలిచి పంపకం చేస్తానన్నాడు, దీంతో నాకు చావు లేకుండా పోతుందా అని మైత్రేయి అడిగింది, ఇదంతా ఆయన నిలబడి ఉండగానే. దానం చేస్తే చేతికి తెలియాలి. చచ్చాక ఇచ్చినదాంట్లో ఇచ్చినవాడికి ఏం తగ్గింది?

ఈ ప్రశ్న నేను దొడ్డమ్మనే ఒకసారి అడిగాను. "తోట ఆవిడకి ఇద్దామనుకుంటే ఇప్పుడే రిజిస్టరు చేసెయ్యొచ్చుగా" అని. "ఇచ్చేస్తే నన్నెవరు చూస్తారే?" అంది. వంటావిడ మీద అపనమ్మకం కాదది. ముసలితనం మీద. వీలునామాలు చాలావరకు ఆ భయంలోంచే పుడతాయని నాకనిపిస్తుంది. మా పోస్టాఫీసులో నాతో పనిచేసిన ముస్లిం స్నేహితురాలు వాళ్ళ నాన్నగారు పోయినప్పుడు చెప్పింది. వాళ్ళలో అప్పులూ అంత్యక్రియల ఖర్చూ పోగా మిగిలినదాంట్లో మూడోవంతుకి మించి వసీయత్ రాయడానికి లేదట, మిగతాది ఎవరికెంతో ముందే నిర్ణయమైపోయి ఉంటుందట. పోయేవాడి ఇష్టానికి మూడోవంతు, దేవుడి లెక్కకి రెండొంతులు. నాకు ఆ కొలత నచ్చింది. నచ్చినంత మాత్రాన దొడ్డమ్మకి వర్తించదనుకోండి.

అసలు, పోయినవాళ్ళ మాటకి బతికున్నవాళ్ళు ఎందుకు కట్టుబడాలి? వాల్మీకి రామాయణంలో జాబాలి రాముడిని ఈ మాటే అడిగాడు. తండ్రీ లేడు, తనయుడూ లేడు. ఎవడికి వాడే పుట్టి ఎవడికి వాడే పోతాడు. చచ్చినవాడికి అన్నం పెట్టడం అన్నం పారబొయ్యడమే అన్నాడు. తర్కంగా చూస్తే నాకు జవాబు తోచదు. దొడ్డమ్మకి ఇప్పుడు తోట ఎవరి చేతుల్లో ఉంటే ఏం? ఆవిడకి నొప్పి లేదు, కోపం లేదు. అయితే జాబాలి ఆ వాదం దేనికి వాడాడో చూడండి: రాజ్యం తీసుకోమనడానికి. నేను చూసిన ఇళ్ళన్నిట్లోనూ అంతే. పోయినవాడు పోయాడు, ఆయన మాటేమిటి అనే వేదాంతం ఎప్పుడూ తీసుకోవడానికే వస్తుంది. పోయినవాడు పోయాడు, ఆయన ఇచ్చిన ఇల్లు నాకెందుకు అని ఒక్కడూ అనగా వినలేదు. బావా తమ్ముడూ ఇంటి పేజీ దగ్గర శ్రీరాములు, తోట పేజీ దగ్గర జాబాలులు.

రాముడిని మాత్రం ఈ విషయంలో నేను పూర్తిగా ఒప్పుకోలేను. దశరథుడి మాట స్వేచ్ఛగా వచ్చింది కాదు. మన వారసత్వ చట్టం అరవై ఒకటో సెక్షను, మోసంతోనో బలవంతంతోనో, లేదా మనిషి స్వతంత్రం పోయేంతగా వేధించో రాయించుకున్న వీలునామా చెల్లదంటుంది. కైకేయి అలకగృహం అచ్చంగా ఆ సెక్షనే. రాముడు దావా వేసి ఉంటే గెలిచేవాడని మా వకీలుతో అన్నాను. "సాక్షులేరండీ? మంథర వస్తుందా?" అన్నాడు.

నన్ను ఈ నాలుగేళ్ళూ పట్టుకున్నవాడు భరతుడు. లాభం పొందినవాడే వద్దన్నాడు. సరే, ఆ త్యాగం అందరికీ తెలిసిందే, పాదుకలూ తెలిసినవే. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది యుద్ధకాండ చివర ఉంది. పద్నాలుగేళ్ళ తరవాత రాముడు తిరిగొచ్చినప్పుడు భరతుడు పాదుకలు తొడిగి ఊరుకోలేదు. లెక్క చెప్పాడు. ఖజానా, ధాన్యపు కొట్లు, ఇళ్ళు, సైన్యం చూసుకో, అన్నీ పదిరెట్లయ్యాయి అన్నాడు. రాముడు అడగలేదు. అడక్కుండానే చెప్పాడు. తనది కానిదాన్ని చేతిలో ఉంచుకున్నవాడికి ఉండవలసిన ధర్మం నాకు త్యాగంలో కంటే ఆ లెక్కలో ఎక్కువ కనిపిస్తుంది. త్యాగం చెయ్యమని బావని ఎవరడిగారు? కంచెకెంత, ఎరువుకెంత, కాయెంత, ఒక్క కాగితం.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఇరవై ఆరేళ్ళు పోస్టాఫీసు సేవింగ్సు కౌంటర్లో కూర్చున్నాను. నామినీ ఓనరు కాడని వందలమందికి చెప్పి ఉంటాను. అన్న పోయాక పాసుబుక్కు పట్టుకొచ్చి "నామినీని నేనే కదండీ, డబ్బు నాదే" అన్న తమ్ముళ్ళకి, ఎర్ర డబ్బాలోంచి పోస్టుమాను ఉత్తరం తీసుకున్నంత మాత్రాన ఉత్తరం అతనిదైపోతుందా అని అడిగేదాన్ని. దొడ్డమ్మ నెలసరి ఆదాయం ఖాతాకి నామినీని నేను. 2022 జనవరిలో క్లెయిము పెట్టి నాలుగున్నర లక్షలూ నా ఖాతాలో వేసుకున్నాను. అది వంటావిడ మనవరాలికని పన్నెండో రోజున నా చెవులతో విన్నాను. ఇవ్వలేదు. వీలునామా మధ్య పేజీలు చేతికి రాలేదు కదా, కాగితం చూడకుండా ఎలా ఇస్తాం అని నాకు నేను చెప్పుకున్నాను. బావ తోట వదిలితే అప్పుడు ఇద్దామని కూడా అనుకున్నాను, అదేదో వ్యూహమైనట్టు. అసలు నిజం, పాసుబుక్కులో ఆ అంకె చూసుకోవడం బాగుండేది. పదకొండు నెలలు.

2022 డిసెంబరులో, మొదటి ఆబ్దికం వెళ్ళిన వారానికి, తీసుకెళ్ళి ఇచ్చాను. నాలుగు శాతం చొప్పున పదకొండు నెలల వడ్డీ పదహారువేల అయిదువందలు లెక్కకట్టి కలిపాను. భరతుడు పదిరెట్లు, నేను నాలుగు శాతం. అయినా మనసులో కొంచెం గర్వపడ్డాను, అబద్ధమెందుకు. వంటావిడ డబ్బు కళ్ళకద్దుకుని, "నర్సింగు కాలేజీ ఫీజుకని ఫిబ్రవరిలో అరవైవేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చానండి, అది ముందు తీర్చేస్తాను" అంది. నెలకి పన్నెండువందలు. పది నెలలకి పన్నెండువేలు. నేను కలిపిన వడ్డీలో ఆ వడ్డీవ్యాపారికి పోగా ఆవిడకి మిగిలింది నాలుగువేల అయిదువందలు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. బావని కూడా ఎప్పుడూ అనలేదని అప్పుడు గుర్తొచ్చింది. బావని అంటూ వచ్చింది నేనే.

ఆ తరవాత బావతో మాట్లాడే పద్ధతి మారింది నాకు. "బావా, నేనూ పదకొండు నెలలు తిన్నాను, ఇచ్చేశాను. నువ్వూ ఇచ్చెయ్యి" అన్నాను. నేను తప్పు ఒప్పుకుంటే అతను మెత్తబడతాడనుకున్నాను. "నీది డబ్బే, లెక్కపెట్టి ఇచ్చేశావు. భూమి అలా ఇచ్చేస్తారా ఏమిటి? ఆవిడ రేపు ఎవడికో అమ్ముకుంటే అత్తయ్య ఆత్మ ఏమవుతుంది?" అన్నాడు, మా దొడ్డమ్మ పడక్కుర్చీలో వెనక్కి వాలి. ఆ ప్రశ్న అతను నిజంగానే అడుగుతున్నాడని నాకనిపించింది. పోయినావిడ తరఫున తాను తోటకి కాపలా ఉన్నానని అతని నమ్మకం. కాపలా ఉన్నవాడికి కాపలా ముగిసే రోజు ఒకటి ఉండాలని మాత్రం తోచడం లేదు. నందిగ్రామంలో భరతుడు రోజులు లెక్కపెట్టుకున్నాడు. పద్నాలుగేళ్ళ మీద ఒక్క రోజు ఎక్కువైతే అగ్నిలో దూకుతానన్నాడు.

మొన్న మాఘంలో వంటావిడ చేత నోటీసు ఇప్పించాం. తోట స్వాధీనం చెయ్యాలి, ఇన్నాళ్ళ ఫలసాయం లెక్క చెప్పాలి. హెడ్మాస్టరుగారు ఉండగానే ఆయన సాక్ష్యం పడాలని వకీలు తొందర. ఆయన తరవాతయితే దస్తూరీలు పోల్చి రుజువు చేసుకోవాలిట. తమ్ముడు నోటీసుకి అటూ కాదు ఇటూ కాదు. ఆబ్దికానికి బావ వచ్చాడు, పక్కపక్కనే కూర్చుని తిన్నాం.

లెక్క అడగాలంటే మన దగ్గర ఏదో ఒక లెక్క ఉండాలన్నాడు వకీలు. సుమారుగా ఎన్ని దింపులు, ఎన్ని కాయలు. తోటలో పాకకి వెళ్ళి అడిగాను. వంటావిడ లోపలికెళ్ళి నాలుగు గోడక్యాలెండర్లు తెచ్చింది, తిథులూ వర్జ్యాలూ ఉండేవి. దింపు జరిగిన ప్రతి తారీఖు గడిలోను పెన్సిలుతో ఒక అంకె. చెట్టెక్కినవాళ్ళు కుప్ప పోస్తుంటే పక్కన నిలబడి లెక్కపెట్టేదిట, లారీ వెళ్ళాక రాసేదిట.

"కేసుకి పనికొస్తుందని రాశావా?"

"లేదండి. దొడ్డమ్మగారున్నప్పుడు దింపు రోజు సాయంత్రం ఎన్ని కాయలో అప్పజెప్పాలండి. అదే అలవాటు."

ఒక్కొక్క నెలా ఫోనుతో ఫొటో తీశాను. 2023లో మే నెల కాగితం లేదు. మనవరాలు పుస్తకానికి అట్ట వేసుకుందిట. ఆ దింపు వదిలేద్దాంలే అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, "612 అండి" అంది.

"అంత కచ్చితంగా ఎలా గుర్తుంది?"

"ఎలక కొట్టినవి పదకొండు ఉంటే పక్కన పడేయించానండి. అవి కలిపితే 623."

రాసుకున్నాను. 612. కింద చిన్నక్షరాలతో, ఎలక కొట్టినవి 11.